కొవ్వూరు అని చెప్పిన ఫోన్

అక్కా,

ఇవాళ నీ పుట్టినరోజు, నువ్వు పోయాక వచ్చిన మొదటిది. రాజమండ్రి గోదారి గట్టుకి వెళ్లి, ఏటా మనం కూర్చునే మెట్టు మీదే కూర్చున్నాను. రోజ్‌మిల్క్ రెండు కొని, నీదీ నేనే తాగాను.

ఇంటికి రాగానే మా ఆయన అడిగారు, "కొవ్వూరెందుకెళ్లావ్?"

"గోదారి దాటలేదండి. ఇవతలి గట్టు మీదే ఉన్నాను."

"మరి ఇదేంటి?" అని తన ఫోన్ చూపించారు. నీకు తెలియదు కదా, పోయిన నెల నా నంబరు మీద ఏదో సర్వీసు పెట్టించారు. ఆయన మెసేజ్ కొడితే చాలు, నా ఫోన్‌కి ఏ ఊరి టవర్ అందుతోందో జవాబొస్తుంది. నన్నెవరూ అడగరు. అందులో కొవ్వూరనే ఉంది. ఒట్టేసినా నమ్మలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం నన్ను సెల్ షాపుకి తీసుకెళ్లి అడిగారు. "నీళ్ల మీద అడ్డేమీ ఉండదు కదండీ. గట్టు మీద కూర్చుంటే ఒక్కోసారి అవతలి ఒడ్డు టవరే అందుతుందండి," అన్నాడు షాపతను. హమ్మయ్య అనుకున్నాను.

తిరిగొస్తూ ఆయన చాలా మెత్తగా అన్నారు, "పోనీలే, నీ తప్పేం లేదు. ఇకమీదట గట్టుకి మాత్రం వెళ్లకు. ఫోన్ సరిగ్గా చెప్పే చోట్లకే వెళ్లు."

వచ్చే ఏడు నీ పుట్టినరోజుకి ఆ మెట్టు మీద మనిద్దరం ఉండం.