డేగకు నాదీ పూచీ

ప్రియమైన బావకి,

ఫోన్ చేస్తే నీ అరుపుల మధ్య నా వంతు రాదు కాబట్టి రాస్తున్నాను. మా పంతొమ్మిది అంతస్తుల ఆఫీసు భవనంలో కొత్త కాపురం దిగింది. లిఫ్టు ఎక్కరు, మెట్లూ ఎక్కరు. బైరి డేగలు! అన్నిటికంటే పైన నా లిఫ్టు మోటార్ల గది ఉందా, దాని కిటికీ బయట గోడ అంచు మీద గులకరాళ్లలో మూడు పిల్లలు. పుట్టి మూడు వారాలైంది. చూడ్డానికి దూది ఉండలే గానీ, ఆకలేస్తే మన చెవులు చిల్లులు పడతాయి. మోటారుకి నూనె వేసి వస్తానని వెళ్లి గంటకి గానీ దిగట్లేదు. ‘మోటారు అంత పాడైందా?’ అని మేనేజరు కంగారు పడుతున్నాడు. సాయంత్రం కార్లు పెట్టే చోట పదిమందిమి చేరి, మెడలు పట్టేసేదాకా పైకి చూస్తాం. తల్లికి దొరసాని అని పేరు పెట్టాం.

నీ పావురాల పందెం దగ్గరపడిందని అక్క చెప్పింది. దారి మా ఊరి మీదుగానే కదా? భయపడి మార్చకు. మా దొరసానికి ఇక్కడి వీధి పావురాలే బోలెడు. నీ ముద్దుల పావురం మహారాణి జోలికి రాదు. నాదీ పూచీ.

నీ బావమరిది

*

ప్రియమైన (సగమే) బావమరిదికి,

పావురాలు పెంచేవాడికి డేగ కబుర్లు రాస్తావా? నీకు బుద్ధుందా అసలు?

దారి మార్చేద్దామనే అనుకున్నాను. మీ అక్క ఊరుకుంటేనా! ‘వాడు అంతగా చెబుతున్నాడు కదా’ అంది. నా మహారాణి కాలికి పచ్చ రింగు, నంబరు నలభై ఏడు. గుడ్డులోంచి బయటపడ్డప్పటి నుంచి నా అరచేతిలో గింజలు తిని పెరిగింది. మూడేళ్లుగా పందెంలో దాన్ని దాటిన పక్షి లేదు. నీ మాట మీద వదులుతున్నాను. దానికేమైనా అయిందా, మీ ఇంటి గడప తొక్కను, నువ్వు మా గడప తొక్కనక్కర్లేదు.

నీ బావ

*

ప్రియాతిప్రియమైన బావకి,

అందరూ ఎలా ఉన్నారు? ఇక్కడ ఎండలు బాగానే ఉన్నాయి. నిన్న కాస్త మబ్బు పట్టింది గానీ వాన పడలేదు. ఇవాళ మళ్లీ ఎండ. గాలి పర్వాలేదు. మూడో లిఫ్టుకి కొత్త తీగలు వేశాం. అక్క మోకాలి నొప్పి తగ్గిందా? మీ వైపు ఎండ ఎలా ఉంది?

అన్నట్టు, పావురాలన్నీ క్షేమంగా చేరాయనుకుంటాను.

పని ఉంది. ఉంటాను.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

పదకొండు వదిలితే పది వచ్చాయి. మహారాణి రాలేదు. వారమైంది.

దాని గూటి తలుపు తెరిచే ఉంచుతున్నాను. పిల్లి దూరుతుందని మీ అక్క గోల. దారి తప్పి పది రోజులకి వచ్చిన పక్షులు కూడా ఉన్నాయి. రెక్కకి దెబ్బ తగిలి ఏ మేడ మీదో కూర్చుందేమో. పైపైన తిరిగేవాడివి, నీ కంటికేమైనా కనబడితే రాయి. నిన్నేమీ అనట్లేదు, అడుగుతున్నానంతే.

నీ బావ

*

బావా,

‘ప్రియమైన’ అని రాయడానికి చెయ్యి రావట్లేదు. పందెం రోజు సాయంత్రమే నాకు తెలుసు. కిటికీ అవతల, ఈకల మధ్య పచ్చ రింగు. నలభై ఏడు. ఊచల్లోంచి పొడుగు స్క్రూడ్రైవరు పెట్టి లాక్కున్నాను. ఎండల గురించి నీకు రాసినప్పుడు అది నా చొక్కా జేబులోనే ఉంది. అది అక్కడుండగానే, సిగ్గులేకుండా ‘క్షేమంగా చేరాయనుకుంటాను’ అని రాశాను. డేగ తరఫున పూచీ పడే వెధవ ఈ లోకంలో నేనొక్కణ్ణే ఉంటాను.

రింగు ఇందులో పెడుతున్నాను. ఎంత తిట్టాలో అంత తిట్టు. రావద్దంటే మీ ఇంటికి రాను. కానీ నా మీద కోపం డేగల మీద చూపించకు. పిల్లలు నేడో రేపో ఎగురుతాయి.

నీ బావమరిది, ఇంకా అలా అనుకోనిస్తే

*

ప్రియమైన వెధవకి,

నీ ఎండల ఉత్తరం చదవగానే తెలిసిపోయింది. ఇన్నేళ్లలో నాకెప్పుడైనా మబ్బు గురించి రాశావా నువ్వు? తర్వాత నేను రాసింది, నీ అంతట నువ్వే చెబుతావేమోనని. నాలుగు రోజులు చూసి, ఇక ఆగలేక గురువారం మీ ఊరొచ్చాను. ఆ గూడు పీకేయమని మీ మేనేజరుకి అర్జీ రాసి జేబులో పెట్టుకున్నాను. నిన్ను మాత్రం పలకరించకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మేనేజరు బయటికెళ్లాడట. కార్ల దగ్గర నిలబడ్డాను. మీ గుంపులో ఒక పెద్దావిడ దుర్భిణి నా చేతిలో పెట్టి, ‘అన్నయ్యగారూ, ఇవాళ ఎగిరేట్టున్నాడు, చూడండి’ అంది. చూశాను. ఆ డేగపిల్లగాడు అంచు దాకా వస్తాడు, కిందికి చూస్తాడు, వెనక్కి పోతాడు. అచ్చం నీలాగే పిరికి సన్నాసి. అరగంట ఇదే వరస. చివరికి దూకాడు. రెండంతస్తులు రాయిలా పడిపోయాడు. ‘రెక్కలు ఊపరా సన్నాసీ!’ అని అరిచింది ఎవరనుకున్నావు, నేనే. ఊపాడు! ఎదురు మేడ రేకు మీద దబ్బున వాలాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను రా. నా మహారాణిని తిన్నవాడికి చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చాను. పాపం ఆ పెద్దావిడ, సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకుని వీపు తట్టింది. సగం నిజమే.

అర్జీ చింపేశాను. ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం, రింగు ఉన్నాయి.

మహారాణి పోయిన దుఃఖం నాది, దాన్ని నేను చూసుకుంటాను. డేగ తన పని తాను చేసింది, దాన్ననడానికేముంది. నాకు కోపమొచ్చింది ఒక్కదానికే. ఒక్క నిజం చెప్పడానికి పది రోజులు భయపడ్డావు. అంత భయపెట్టే మనిషిగా కనబడ్డానా రా నీకు? మీ అక్కని అడిగితే ‘కనబడతారు’ అంది. అప్పట్నుంచి అన్నం సహించట్లేదు.

ఆదివారం మేమిద్దరం వస్తున్నాం. గురువారం కింద నుంచి దుర్భిణిలో చూస్తుంటే ఆ కిటికీలో నీ తల కనబడింది. పిలుపు నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇంకెప్పుడూ అలా చెయ్యను.

నీ బావ