షట్టరుకు ఇవతల

చిరంజీవి పెద్దోడికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నీ చెల్లి పాప, నేను క్షేమం. మీ బుల్లి బాబాయి బతికి ఉన్నాడు. నేను ఫోన్ ఎత్తడం లేదని అమ్మ మీద కేకలేశావట. నోటితో చెప్పడం చేతకాక రాస్తున్నాను. రోజువారీ లెక్కలు తప్ప ఇంకేదీ రాసే అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకో.

నీ ఉత్తరంలో మూడు అడిగావు. బాబాయికి ఎలా ఉంది, కొట్టిందెవరు, అప్పుడు నువ్వెక్కడున్నావు అని. స్నేహితులను వెంటబెట్టుకుని ఆదివారం వస్తున్నానని, ఒక్కణ్ణీ ప్రాణాలతో వదలనని కూడా రాశావు.

కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్డు వేశారు. దవడ కదలకుండా కట్టేశారు, గొట్టంతో పాలు తాగుతున్నాడు. మాట్లాడలేడు గనక వాడి మాటలు కూడా అమ్మే మాట్లాడేస్తోంది. "వీడికి పిల్లను చూసేద్దామండీ, ఇప్పుడైతే వద్దనలేడు" అంది. వాడు నవ్వబోయి నొప్పితో మెలికలు తిరిగాడు.

కొట్టింది కంకర లారీ వాళ్లు, ముగ్గురన్నదమ్ములు. బాబాయి ప్యాచ్ వేసిన ముందు టైరు దారిలో పేలి లారీ బోల్తా పడింది. అందులో ఉన్న వాళ్ల నాలుగోవాడికి, ఆఖరి తమ్ముడికి, కాలు తీసేశారట. మధ్యాహ్నం ఈ ముగ్గురూ ఇనప బద్దలు పట్టుకుని మన పంక్చర్ షాపు ముందుకొచ్చారు.

"ప్యాచ్ వేసిందెవడ్రా? వాడి కాలు కావాలి" అన్నాడు పెద్దవాడు.

"నేనే వేశానన్నా. కూర్చో, మాట్లాడుకుందాం" అంటూ బాబాయి ఎదురెళ్లాడు. మొదటి దెబ్బ నోటి మీద పడింది. పళ్లు రాలి సిమెంటు నేల మీద పడ్డ చప్పుడు నాకు వినిపించింది.

నీకు రెండేళ్లప్పుడు కూడా ఒకసారి షాపు మీదికి ఇలాగే వచ్చారు. అప్పుడు నాకు పంతొమ్మిది. నిన్ను ఎడమ చంకలో ఇరికించుకుని కుడి చేత్తో జాకీ రాడ్డు తిప్పాను. ఒకడి తల పగిలి నెత్తురు నీ చొక్కా మీద చిందింది. నువ్వు చప్పట్లు కొట్టావు. నేను దాన్ని ఊరంతా గొప్పగా చెప్పుకు తిరిగాను. నీకు దెబ్బ తగులుతుందేమోనన్న ఆలోచన ఆ రోజూ రాలేదు, ఆ తరవాతా రాలేదు. నిన్నూ, నీకన్నా రెండేళ్లు పెద్దవాడైన బాబాయినీ లారీ టైరులో గోనెసంచి పరిచి పడుకోబెట్టేవాణ్ణి. నువ్వు నట్టు మింగితే నట్టు పోయిందని తిట్టుకున్నాను. పదిహేడేళ్లవాడికి బిడ్డంటే తన చెయ్యో కాలో లాంటిదే. అది ఊడిపోగలదని తెలియదు.

పాప విషయం అలా కాదు. పాత ట్యూబు ముక్కలు కోసి షాపులో బల్లల మూలలన్నిటికీ చుట్టాను. అది దగ్గినా నా పని ఆగిపోతుంది. "మనవరాలా?" అని ఎవరైనా అడిగితే మీ అమ్మ, "అవునండీ, తాతగారికి కాస్త కుర్చీ వెయ్యండి" అంటుంది. వయసు నలభై ఒకటే. భయంలో మాత్రం ముసలివాణ్ణే.

ఇక మూడోది. నేను షాపులోనే ఉన్నాను. జాకీ రాడ్డు చేతికందేంత దూరంలో ఉంది. పాప నా వెనక కూర్చుని బోల్టులు వరసగా పేరుస్తోంది. వాళ్లలో ఒకడు లోపలికి, దాని వైపు చూశాడు. అంతలో బాబాయి పాక్కుంటూ గుమ్మం దాకా వచ్చాడు. చెయ్యి లోపల పెట్టి, నెత్తురు నోటితో "అన్నా" అన్నాడు. ఆ చేతిని కాలితో బయటికి తోసి షట్టర్ దించేశాను. లోపల్నించి తాళం వేశాను. అరుపులు వినపడకుండా కంప్రెసర్ ఆన్ చేశాను. పాపకు వినపడకుండానా, నాకా అని అడగకు.

కాలు విరిగింది ఆ తరవాతే.

ఈ సంగతి మీ అమ్మకు కూడా తెలియదు. రోజూ ఆసుపత్రికి వెళ్తున్నాను. పాపను చూస్తే దగ్గరికి రమ్మని చెయ్యి చాపుతాడు. నన్ను చూస్తే గోడ వైపు తిరుగుతాడు.

లారీ వాళ్ల జోలికి వెళ్లకు. వెళితే వాళ్లు ముగ్గురూ ఊరుకోరు, నువ్వూ మిగలవు. కోపం ఆగకపోతే నా దగ్గరికి రా. నేను చెయ్యెత్తను. మళ్లీ ఆ పరిస్థితే వస్తే ఏం చేస్తానంటావా, షట్టరే దించుతాను. అందుకే నిన్ను క్షమించమని అడగడం లేదు.

బయల్దేరే ముందు మాత్రం కబురు చెయ్యి. పాపను పక్కింట్లో వదిలి షాపుకొస్తాను.

ఇట్లు,
మీ నాన్న