బావను ఎక్కమన్నది నేనే

గోదావరిఖని, మంగళవారం

అక్కా, బావ లేచి కూర్చుంటున్నాడు, భయం లేదు. బైకు మీద నుంచి పడ్డానని నీకు ఫోనులో చెప్పాడు, పక్కనుండి నేనూ అవునన్నాను. అది అబద్ధం.

శనివారం యార్డులో నేను ఫోర్క్‌లిఫ్టుతో ఇనుప పైపులు ఎత్తుతుంటే బరువెక్కువై వెనక చక్రాలు లేచాయి. అలాంటప్పుడు చక్రాలు నేలకానేలా వెనక ఒక మనిషిని బరువుకు ఎక్కించడం ఇక్కడ అలవాటు. "బావా, నీ బొజ్జ ఇయ్యాల అక్కరకొచ్చింది, ఎక్కు" అన్నాను. "బొజ్జకు కూలి వేరే ఇయ్యాలె" అని నవ్వుతూ ఎక్కాడు. మలుపులో జారిపడ్డాడు, చక్రం పాదం మీదికెక్కింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

బైకు మాట మా కాంట్రాక్టరుది. ప్రమాదం కాగితంలో అలా రాస్తే బావకు పరిహారం రాదు, నిజం రాస్తే నా పని పోతుంది. "నీ పని పోతే నా వేళ్లొస్తయా?" అంటాడు బావ. నా రోజువారీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే రాసుకున్నాను. రేపు ఆఫీసులోనూ అదే రాసిస్తాను.

బర్రెకు సూది వేయించావా? ఆదివారం వచ్చేటప్పుడు బావ పాత వెడల్పు చెప్పులు తీసుకురా. ఈ కార్డు అవ్వకు చదివి వినిపించకు.

వచ్చాక నాతో మాట్లాడకపోయినా సరే, అబద్ధమెందుకాడావని బావను మాత్రం అడగకు. పిల్లలకు నా దీవెనలు.

నీ తమ్ముడు,
రఘుపతి