గోడ మీది మొదటి పేరు

మంగళవారం రాత్రి.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను నడిపే నింజా విద్య క్లాసు గోడ మీద గురువుల పట్టిక ఉంది. మొదటి పేరు, ఈ విద్యను జపాన్‌కు తెచ్చాడని చెప్పుకునే ఒక చైనా సన్యాసిది. పదిహేనేళ్లుగా, బెల్టు కట్టే ముందు ఆ పేరుకే అందరి చేతా దండం పెట్టిస్తున్నాను. ఈ సాయంత్రం నా శిష్యురాలు సరిత అడిగింది.

"సార్, గీ విద్య చైనా నుంచి ఒచ్చిందనడానికి రుజువు లేదంటున్నరు. గా సన్యాసి నిజంగ ఉండెనా?"

చెమట తుడుచుకుంటూ తప్పించుకున్నాను. నాకు విద్య నేర్పిన, ఎల్బీనగర్‌లో ఉండే మా మాస్టారికి ఫోన్ చేసి అదే అడిగాను.

"మా మాస్టర్ నాకు చెప్పిండు, నేను నీకు చెప్పిన. గదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నవ్?"

ఆ పేరు కొట్టేస్తే ఇన్నేళ్ల దండాలు ఎవరికి పెట్టించినట్టు? ఉంచుదామంటే మనసొప్పడం లేదు. ఆదివారం సరితకు బ్లాక్ బెల్టు. ఆనవాయితీ ప్రకారం, పట్టికలో నా పేరు కింద ఆమె పేరు నా చేత్తోనే రాయాలి.