ప్రేబెన్ తెచ్చిన కేకులు

మార్చి 4, మంగళవారం

నాలుగో అంతస్తు పరంజా మీంచి ఒక క్లాంప్ కింద పడింది. పైపుల్ని కలిపి బిగించే ఇనుప ముక్క, కిలో బరువు. అంత ఎత్తునుంచి నెత్తిన పడితే హెల్మెట్ ఉన్నా లాభం లేదు. కంచె లోపలే పడింది, బతికిపోయాం. పరంజా కట్టే ఈ గ్యాంగ్‌కి నేను సేఫ్టీ ప్రతినిధిని. వీళ్ళే ఎన్నుకున్నారు, నాలుగోసారి. రిపోర్టు రాయాలి కదా, ఎవరు పడేశారని అడిగాను. అందరూ హార్బర్ నీళ్ళ వైపు చూశారు.

మార్చి 5

ప్రేబెన్ కేక్ తెచ్చాడు. మా రూలు అది: పడేసినవాళ్ళు మర్నాడు కేక్ తేవాలి, ఇక తిట్లుండవు. ఇరవై ఏళ్ళుగా పనిలో అతను నా జత. ఇంతవరకూ ఒక్క మేకు జారవిడవలేదు. ఏమిటో. కేక్ మాత్రం బాగుంది, రెండు ముక్కలు తిన్నాను.

మార్చి 14, శుక్రవారం

నిన్న మళ్ళీ ఒక క్లాంప్. ఇవాళ మళ్ళీ ప్రేబెన్, మళ్ళీ కేక్. "వారానికో పుట్టినరోజేంట్రా నీకు? మా పొట్టలు చూడు!" అని ఫోర్‌మన్ అస్గర్ ఆటపట్టించాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అది పడ్డప్పుడు ప్రేబెన్ అటు చివర రెండు చేతులా చెక్క పలక మోస్తున్నాడు. మూడో చెయ్యి ఎక్కణ్ణించి వచ్చింది?

మార్చి 21, శుక్రవారం

మూడోది. పలక అంచుకి తగిలి కంచె దాటి ఎగిరింది. లోనె అనే పెయింటర్ అమ్మాయికి పది అడుగుల దూరంలో పడింది. ఆ పిల్ల ఉన్నచోటే కూలబడిపోయింది. మంచినీళ్ళు తాగించాను.

"నాదే" అన్నాడు ప్రేబెన్. అప్పుడు నువ్వు నిచ్చెన మీదున్నావు కదయ్యా అంటే, తన బకెట్‌లోంచి దొర్లిందట. బకెట్‌కి కాళ్ళొచ్చాయా?

ఒళ్ళు మండిపోయింది. తాగి ఎక్కుతున్నావా అని మొహానే అడిగాను. ఊదమంటే ఊదాడు. కాఫీ వాసన. "నీ చేతులెలా ఉన్నాయి?" అని నన్నే తిరిగి అడిగాడు. చలికి మొద్దుబారాయి, ఎవరికి మొద్దుబారవు? అదా ఇప్పుడు ప్రశ్న!

కళ్ళు పోయాయా ఇతనికి? ఇంట్లో ఏమైనా జరిగిందా? నాకేమీ అర్థం కావడం లేదు.

మార్చి 24

అస్గర్ దగ్గరికి వెళ్ళాను. ప్రేబెన్‌ని కిందికి దించమన్నాను. "ఇరవై ఏళ్ళ జతగాణ్ణి నువ్వే దించెయ్యమంటున్నావా?" అని నోరు తెరిచాడు. దించు, లేకపోతే రేపు ఎవరింటికో వెళ్ళి తలుపు కొట్టి చావు కబురు చెప్పాల్సింది నువ్వే అన్నాను. దించాడు. కింద కంచె దగ్గర కాపలాకి వేశాడు.

"పైన నీ పక్కన ఎవరుంటారు?" అని మాత్రం ప్రేబెన్ అడిగాడు. ఒక్కదాన్నే చాలు అన్నాను.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టుంది. అయినా చేసింది న్యాయమే. న్యాయమేనా?

మార్చి 26

నేను పనిచేసే చోట మాత్రమే, కింద కంచెని ప్రేబెన్ మూడు మీటర్లు బయటికి జరిపాడు. ఇది జాగ్రత్తా, ఎత్తిపొడుపా?

మార్చి 27

మధ్యాహ్నం కిందికి దిగకుండా పైనే తిన్నాను.

ఏప్రిల్ 1, మధ్యాహ్నం 12.30

రాత కుదరడం లేదు. అయినా రాస్తాను.

పది గంటలకి కింద పెద్ద చప్పుడు. ఎవడ్రా పడేసింది అని గొంతు చించుకున్నాను. నాలుగో అంతస్తులో నేను తప్ప పురుగు లేదు. బిగిద్దామని వంగితే నా చేతిలో స్పానర్ లేదు. అది పడకుండా పట్టే తాడు కొక్కెం నా బెల్టుకి తగులుకోనే లేదు. పొద్దున తగిలించానని ఒట్టేసి చెప్పగలను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టయింది.

కంచె లోంచి అడ్డదారిన పోతానని ఒక లారీ డ్రైవర్ కింద గొడవపెట్టుకున్నాడట. ప్రేబెన్ అతని జాకెట్ పట్టుకుని వెనక్కి లాగాడట. ఆ మనిషి అడుగు పెట్టబోయిన చోటే స్పానర్ పడింది.

ప్రేబెన్ పైకొచ్చి నా పక్కన పలక మీద కూర్చున్నాడు. "ఆ మూడు క్లాంపులూ నీవే ఇంగెర్. జారినా నీకు తెలియట్లేదు. ఫిబ్రవరి నుంచీ చూస్తున్నా" అన్నాడు. ముందే చెప్పి చావొచ్చు కదా అని అరిచాను. "చెప్తే నిన్ను దించేస్తారు. పైన లేకపోతే నువ్వెలా ఉంటావో నాకు తెలుసు. నీకే తెలిసొస్తుందిలే, నువ్వే చెప్తావులే అనుకున్నా" అన్నాడు.

చేతులెలా ఉన్నాయని, నన్ను అడగాల్సిందే అతను అడిగాడు. నేనే వినలేదు.

ఏప్రిల్ 2

నాలుగు రిపోర్టులూ నా పేరు మీద రాశాను. అస్గర్ చేతికిచ్చి, దిగిపోతున్నానని చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్ళు గడగడా అదిరే బిగింపు మెషిన్ పట్టిన చేతులు, ఎప్పుడు చచ్చుపడ్డాయో నాకు చెప్పనే లేదు. అందరి ముందూ ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

దాచినందుకు ప్రేబెన్ మీద కూడా ఒక రిపోర్టు రాశాను. ప్రేమతోనే దాచాడు. లోనె చచ్చిపోయి ఉంటే ఆ ప్రేమని ఏం చేసుకోను? కౌగిలించుకోవాలో, లాగి కొట్టాలో తెలియలేదు. రెండూ చెయ్యలేదు.

ఏప్రిల్ 9

డాక్టరమ్మ కళ్ళు మూసుకోమంది. కుడి చేతిలో ఏం పెట్టానో చెప్పమంది.

తాళంచెవి అన్నాను.

ఇంకా ఏమీ పెట్టలేదంది.