లకుముకిపిట్ట కంట్లో చుక్క

రెంటచింతల, 9-2-1986

ప్రియమైన అబ్బాజాన్‌కు,

సలాం. కోపం తగ్గిందా? ఈ టీచరు ఉద్యోగం ఏప్రిల్ దాకానే. ఆ తర్వాత మన స్టూడియోలో కెమెరా వెనక నిలబడతానంటే మీరేమన్నారు? "కదలకుండా కూర్చున్న మనిషిని ఎవరైనా తీస్తారు. పిట్టను తీసుకురా. దాని కంట్లో వెలుగుచుక్క కనపడాలి. అప్పుడు తాళంచెవి నీదే." కాదంటే అమ్మ చెప్పిన కుట్టుమిషనే గతి.

ఇక్కడ కాలువ మీదికి వాలిన ఎండుకొమ్మ మీద రోజూ ఒక లకుముకిపిట్ట కూర్చుంటుంది. మొదటి రీలు కండక్టర్ దానయ్య బాబాయి చేతికిచ్చాను. కడిగి చెప్పండి. తాళంచెవికి ఇప్పుడే నూనె రాసి ఉంచండి.

మీ జీనత్


నరసరావుపేట, 14-2-1986

చిరంజీవి జీనత్‌కు,

దీవెనలు. రీలు కడిగాను. అది పిట్టో, కాకో, బొగ్గుముక్కో తేల్చుకోలేకపోయాను. మిట్టమధ్యాహ్నం ఎక్కడో దూరాన నిలబడి, సూర్యుడికి ఎదురు తీశావు. రెంటచింతల ఎండ మనుషులనే మాడుస్తుంది, పిట్టెంత?

తెల్లవారిన గంటలోపే వెళ్లు. సూర్యుణ్ని వీపున పెట్టుకో. గట్టు దిగి, దగ్గరగా, దాని కన్నూ నీ కన్నూ ఒక మట్టాన ఉండేట్టు కూర్చో. తల కాస్త నీవైపు తిరిగేదాకా ఆగు. పెళ్లికూతురినైతే గడ్డం పట్టుకుని తిప్పుతాం, పిట్ట దగ్గర ఆ పప్పులుడకవు.

తాళంచెవి నా జేబులోనే ఉంది.

అబ్దుల్ జబ్బార్


రెంటచింతల, 4-3-1986

ప్రియమైన అబ్బాజాన్,

అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. వారం రోజులు గట్టు కింద మోకాళ్ల మీద కూర్చున్నాను. మా ఇంటి ఓనరు ఆదిలక్ష్మమ్మ పిన్ని గేదెలు తోలుకొస్తూ చూసి, "ఏందమ్మే జీనతూ, పొద్దున్నే పిట్టకు మొక్కుకుంటన్నావా?" అంది. ఊళ్లో ఇప్పుడు నా పేరు పిట్టల టీచరమ్మ.

నొక్కిన మరుక్షణం అది ఎగిరిపోతోంది, కానీ నొక్కేటప్పుడు మాత్రం కొమ్మ మీదే ఉంది. ఈ రీలుతో మీ జేబు ఖాళీ.

మీ జీనత్


నరసరావుపేట, 10-3-1986

చిరంజీవి జీనత్‌కు,

ముప్పై ఆరు ఫ్రేములూ కడిగాను. వెలుతురు అద్భుతం. కొమ్మ అద్భుతం, బెరడు మీది పగుళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. పిట్ట మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు! ఒక మూల తోక ఉంది, అంతే.

నాకు అంతుపట్టలేదు గానీ మీ అమ్మ చిటికెలో పట్టేసింది. "నొక్కే ముందు ఆ పిల్ల రెడీ అంటందేమో అడుగు. మూడేళ్లప్పటి నుంచీ నీ పక్కన నిలబడి గిరాకీలకు రెడీ చెప్పింది అదేగా" అంది. అని, నా మొహం చూసి పడీపడీ నవ్వింది. ఎందుకని అడక్కు.

నిన్న ఆదివారం ఇద్దరం ఎత్తిపోతల జలపాతం చూసొచ్చాం. నీళ్లు బాగున్నాయి.

అబ్దుల్ జబ్బార్


రెంటచింతల, 6-4-1986

ప్రియమైన అబ్బాజాన్,

సిగ్గుతో చచ్చిపోయాను. నిజమే! గట్టిగా, మన గిరాకీలకు చెప్పినట్టే చెబుతున్నాను. మర్నాడు పెదవులు బిగించుకుని వెళ్లాను, అయినా ఆ 'రెడీ' నోట్లోంచి వచ్చేసింది. చివరికి నోట్లో చింతపండు ఉండ పెట్టుకుని కూర్చున్నాను. రీలంతా తీసేసరికి పళ్లు పులిసిపోయాయి.

ఇదే ఆఖరి రీలు. శుక్రవారంతో ఉద్యోగం కూడా అయిపోతుంది. ఇందులో పిట్ట లేకపోతే నేరుగా కుట్టుమిషన్ దగ్గరికే వస్తాను, మాటంటే మాటే. కానీ అబ్బాజాన్, నాకు ఆ కెమెరా అంటే ప్రాణం. అది మీకు తెలియాలి.

మీ జీనత్


నరసరావుపేట, 10-4-1986

నా బంగారుతల్లి జీనత్‌కు,

ఇరవై మూడో ఫ్రేము. ఛాతీ మీద పొద్దుటి ఎండ, తల కొంచెం నీవైపు, కంట్లో ఆవగింజంత చుక్క. డార్క్‌రూమ్‌లో కాగితం మీద ఆ కన్ను తేలుతుంటే మీ అమ్మను కేకేసి పిలిచాను. నా కళ్లలో నీళ్లొచ్చాయి.

ఒక సంగతి దాచాను. ఆ రోజు ఎత్తిపోతలకు నీళ్లు చూడ్డానికి వెళ్లలేదు. నీ ఖాళీ కొమ్మలు చూసి నవ్వుకుని, పిట్టను ఎట్లా తీయాలో చూపిద్దామని కెమెరా పట్టుకెళ్లాను. రీలంతా తడిరాళ్లే వచ్చాయి. అంత హోరులోనూ నా 'రెడీ' పిట్టకు వినపడింది. పక్కనే ఉన్న మీ అమ్మకూ వినపడింది. అందుకే నీ జబ్బు అంత తేలిగ్గా కనిపెట్టింది. నలభై ఏళ్లుగా తీస్తున్న నాకు రాని ఫొటో నీకు వచ్చింది తల్లీ.

తాళంచెవి దానయ్య చేత పంపుతున్నాను, నూనె రాశాను. శనివారం వచ్చి తలుపు నువ్వే తెరువు. మొదటి గిరాకీ నేనే. ఊరందరినీ కూర్చోబెట్టిన ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు.

నాకు మాత్రం గట్టిగా రెడీ అని చెప్పు. నేను ఎగిరిపోను.

అబ్దుల్ జబ్బార్