వెనక చక్రాలు

తమ్ముడు ఆర్వోకు, దేవుడి దయవల్ల అందరం క్షేమం.

మంగళవారం పొద్దున వానలో మంచు కలిసి మెత్తగా రాలుతోంది. కాన్పు చెయ్యడానికి వెళుతున్న చెల్లి సెల్మాకు తోడుగా కారెక్కాను. కొండ మలుపులో కారు తేలుతూ అర చుట్టు తిరిగి, ఇంటివైపు ముఖం పెట్టి ఆగింది. కలలో ఊగినట్టే ఉంది. సగంలో ఉన్న ప్రార్థన పూర్తి చేశాను.

మెకానిక్ ఐనో చూసి, "కొత్త టైర్లు ముందేసి, అరిగినవి వెనకేసిన మహానుభావుడెవరమ్మా? వెనక పట్టు లేకపోతే తోక తిప్పదూ?" అన్నాడు. అది నువ్వేనని మేం చెప్పలేదు.

ఓడ మీద ఉన్ని మేజోళ్ళు చాలుతున్నాయా?

సాయంత్రం సెల్మా వేగంగా పోయే టైర్లే కావాలంది. "నువ్వు చేరితేనేగా బిడ్డ నీ చేతిలో పడేది!" అంది అమ్మ. చివరికి వేగాన్నీ తట్టుకుని, వానలో, మంచులో పట్టు వదలని అన్ని కాలాల టైర్లు నాలుగూ ఒకే రకం కొనాలనుకున్నాం. ఓడ దిగాక నువ్వే వాటిని బిగించాలట. సెల్మా మాట అది.

దేవుడు నిన్ను కాయుగాక.

అక్క ఔనె